అతుకు పడే చోటు

"మా ఆయనా నేనూ వారానికి ఒకసారైనా మాటా మాటా అనుకుంటాం. తర్వాత సర్దుకుంటాం. కానీ పిల్లల ముందు గొడవపడ్డామే అని టెన్షన్ పోదు. కష్టానికి తట్టుకునే పిల్లలు కావాలంటే గొడవల్లేని ఇల్లు ఉండాలి కదా?" అని ఒక పాఠకురాలు రాశారు. అది చదవగానే నాకు ఒక ప్రయోగంలోని పసిబిడ్డ గుర్తొచ్చింది.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో మొదలుపెట్టిన ప్రయోగం అది. కొద్ది నెలల బిడ్డను తల్లికి ఎదురుగా కూర్చోబెడతారు. ముందు మామూలుగా ఆడించమంటారు. కాసేపయ్యాక తల్లి ముఖం కదపకుండా, పలకకుండా బిడ్డనే చూస్తూ ఉండాలి. అలా ఉండాల్సింది రెండు మూడు నిమిషాలే. బిడ్డ మొదట నవ్వుతుంది. ఇందాక పనిచేసిన నవ్వే కదా! అమ్మ నవ్వదు. చేతులు చాస్తుంది, కేక పెడుతుంది. అయినా అమ్మ ముఖం కదలదు. తల పక్కకు తిప్పుకుని, ఓరగా మరోసారి చూసి, చివరికి డీలా పడిపోతుంది. గుండె వేగం పెరుగుతుంది. ఆ తర్వాత తల్లి మళ్లీ మామూలవుతుంది.

చాలామంది ఈ ప్రయోగాన్ని రెండో ఘట్టం దగ్గరే ఆపేసి, "చూశారా, ఒక్క నిమిషం పట్టించుకోకపోతే బిడ్డ ఏమైపోతుందో" అని తల్లులను భయపెడతారు. అలా చెప్పడం నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే ఈ పరిశోధనల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మరొకటి. ట్రానిక్, ఆయన సహచరులు తల్లీబిడ్డల మామూలు ఆటలను వీడియో తీసి క్షణక్షణం లెక్కగట్టారు. అన్యోన్యంగా ఉన్న తల్లీబిడ్డల మధ్య కూడా శ్రుతి కలిసింది దాదాపు 30 శాతం సమయమే! మిగతా 70 శాతం తప్పిపోతూనే ఉంది. బిడ్డ ఆటకు పిలిచేసరికి తల్లి దాని చొక్కా సర్దుతూ ఉంటుంది. తల్లి నవ్వేసరికి బిడ్డకు విసుగొచ్చి ఉంటుంది. తప్పుతుంది, కొన్ని సెకన్లలో కలుస్తుంది, మళ్లీ తప్పుతుంది. అలా కలిసిన ప్రతిసారీ 'తెగినా కలుస్తుంది, నేను పిలిస్తే కలుస్తుంది' అన్న నమ్మకం బిడ్డలో ఇంకుతుందని ట్రానిక్ వివరణ.

ఇనుము విరిగితే అతుకుతుంది, మనసు విరిగితే అతకదని ఒక మాట ఉంది. నేనైతే మనసును ఎముకతో పోలుస్తాను. బడిలో మనం ఎముకల గూడు బొమ్మ తగిలించి 206 అని లెక్క చెప్పించి ఊరుకుంటాం. అది చచ్చిన ఎముక. బతికున్న ఎముక నిత్యం మరమ్మతులు జరిగే కట్టడం. నడిచినా, బరువెత్తినా అందులో కంటికి కనిపించని చీలికలు పడతాయి. ఎముకలో పాతుకుని ఉన్న ఆస్టియోసైట్ కణాలు సన్నని కాలువల ద్వారా ఒకదానితో ఒకటి కబుర్లాడుకుంటూ ఉంటాయి. చీలిక ఆ కాలువలను కోసేస్తుంది. దెబ్బతిన్న కణాలు చనిపోతూ కబురు పంపుతాయి. ఆస్టియోక్లాస్ట్‌లు వచ్చి పాడైన భాగాన్ని తవ్వేస్తాయి. వెనకే ఆస్టియోబ్లాస్ట్‌లు వచ్చి కొత్త ఎముకను పేరుస్తాయి. తవ్వే పని వారాల్లో అయిపోతుంది, నింపే పనికి నెలలు పడుతుంది. అంటే మధ్యలో కొంతకాలం అక్కడ గుంట ఉంటుంది, ఎముక ఆ మేరకు బలహీనంగానే ఉంటుంది. నోరు జారడానికి క్షణం చాలు, ఆ గుంట పూడటానికి ఎన్ని రోజులు పడుతుందో మనకు తెలుసు కదా.

ఈ పోలిక ఇంకా ముందుకు పోతుంది. బరువే పడకపోతే ఎముక గట్టిగా ఉంటుందా? ఉండదు. అంతరిక్షంలో తేలే వ్యోమగాముల తుంటి ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుంది. ఎదురుపడితే మాట వస్తుందని భయపడి ఎవరి గదిలో వాళ్లుండే ఇల్లు నాకు అలాగే కనిపిస్తుంది. మరి విశ్రాంతి లేకుండా అదే చోట దెబ్బ మీద దెబ్బ పడితే? మరమ్మతు వెనకబడుతుంది, చీలికలు కలిసి ఎముక విరుగుతుంది. సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు కాలి ఎముకలు అలా విరగడం వైద్యులకు బాగా తెలిసిన సంగతే. అందుకే కొట్టడం, తిట్టి భయపెట్టడం రోజూ జరిగే ఇంటికి నేను చెప్పేదేదీ వర్తించదు. అక్కడ ముందు దెబ్బ ఆగాలి. విరిగిన ఎముక అతికాక మునుపటికంటే శాశ్వతంగా గట్టిపడుతుందనేది కూడా అపోహే. కష్టాలు పెడితే పిల్లలు రాటుదేలతారనే నమ్మకం దానికి తోబుట్టువు.

ఈ అతుకు ఒంట్లో ఎక్కడ పడుతుంది? భయం కలిగితే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం సీఆర్‌హెచ్ అనే హార్మోన్ విడుదల చేస్తుంది. దానికి పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్‌తో స్పందిస్తుంది, దాంతో అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. ఆ కార్టిసాలే తిరిగి మెదడుకు చేరి, అక్కడి హిప్పోకాంపస్ అనే భాగంలో ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలకు అతుక్కుని, 'ఇక చాలు' అని పై గొలుసును ఆపేస్తుంది. గ్రాహకాలు ఎక్కువుంటే బ్రేకు త్వరగా పడుతుంది. 2004లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ వీవర్, మైకేల్ మీనీ బృందం ఎలుకల్లో చూపించింది ఇదే. తల్లి ఎక్కువగా నాకి పెంచిన పిల్లల్లో ఆ గ్రాహకపు జన్యువు మీద, దాన్ని అణచి ఉంచే మిథైల్ అనే రసాయన గుర్తులు తక్కువ, గ్రాహకాలు ఎక్కువ. తక్కువ నాకే తల్లికి పుట్టిన పిల్లలను ఎక్కువ నాకే తల్లి దగ్గర పెంచితే ఆ గుర్తులు పెంచిన తల్లి పిల్లల్లాగే ఉన్నాయి. మనుషుల విషయం ఎలుకలంత సూటిగా ఉండదు గానీ, పెంపకం బ్రేకును మార్చగలదన్న సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

పెంచేది తల్లే కానక్కర్లేదు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల తరబడి గమనించారు. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల మానసిక జబ్బులు వంటివి చుట్టుముట్టిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్ల జీవితాల్లో పదే పదే కనిపించింది నిలకడగా వెంట ఉన్న ఒక మనిషి. అవ్వో, తాతో, పిన్నో, టీచరో, పక్కింటివాళ్లో. వీధికీ ఇదే లెక్క. 1995 జులైలో షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయినప్పుడు, ఒంటరిగా ఉంటూ ఇల్లు కదలనివాళ్లకే ముప్పు ఎక్కువని తేలింది. తలుపు తట్టి పలకరించే మనిషి ఉండటం అక్కడ ప్రాణాలకు సంబంధించిన విషయమైంది.

ఇక ఉత్తరం రాసిన అమ్మకు. మార్క్ కమింగ్స్ అనే పరిశోధకుడు పెద్దల తగాదాలను పిల్లలకు చూపించి వాళ్లెలా స్పందిస్తారో పరిశీలించారు. తేలకుండా మిగిలిపోయిన తగాదా పిల్లలను బాగా కలవరపెట్టింది. రాజీతో ముగిసింది చూసినప్పుడు కలవరం బాగా తగ్గింది. మీరు హాల్లో గొడవపడి, పడకగదిలో తలుపు వేసుకుని సర్దుకుంటున్నారేమో చూసుకోండి. అలాగైతే పిల్లలు చూసేది విరగడం మాత్రమే. "ఇందాక నాన్న మీద అరిచాను, తప్పు నాదే, మాట్లాడుకున్నాం" అని వాళ్లు వినేలా చెప్పండి.

వాళ్లు వెంటనే తేలికపడకపోతే కంగారుపడకండి. ట్రానిక్ ప్రయోగం మూడో ఘట్టంలో తల్లి మళ్లీ నవ్వినప్పుడు బిడ్డ ఒకేసారి నవ్వేయదు. కాస్త నవ్వుతుంది, కాస్త ఏడుస్తుంది, చూపు పక్కకు తిప్పుకుని మళ్లీ అమ్మ ముఖంలోకి చూస్తుంది. అమ్మ అప్పటికీ నవ్వుతూనే ఉండాలి.