కొండ దిగిన రెండో రోజు

అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం, మోకాళ్ళ పర్వతం దగ్గరికొచ్చేసరికి చొక్కా పిండితే నీళ్ళు. అయినా కాళ్ళు పట్టేసేది ఎక్కినందుకు కాదు, దిగినందుకు. కొండమీది నుంచి బస్సులో వచ్చేసినవాళ్ళు మర్నాటికి మామూలుగానే తిరుగుతుంటారు. పోయిన ఏడాది నేను నడిచే దిగాను. మొదటి రోజు కాస్త బిగుతు, అంతే. రెండో రోజు పొద్దున మాత్రం ఇంటి ముందరి మూడు మెట్లు దిగడానికి గోడ పట్టుకుని, అడ్డం తిరిగి, ఎండ్రకాయలా దిగాల్సొచ్చింది.

మా అక్క కొడుకు జిమ్ముకి పోతాడు. నన్ను చూసి ఒకటే నవ్వు. "డ్రమ్ములో ఐసు వేసుకోని కూర్చో మామా, దెబ్బకి పోతాది" అన్నాడు. లోపల్నించి మా అమ్మ: "ఐసేందిరా, జన్నికొస్తాది! వావిలాకేసి నీళ్ళు కాస్తా, పోసుకో."

ముందు ఈ నొప్పి సంగతి. కండల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని జిమ్ముల్లో ఇప్పటికీ చెబుతారు. అది తప్పు. శ్రమ ఆపిన గంటా గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది; మరి నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదరడమేమిటి? కండపోగులు దెబ్బతినడమే కారణమై ఉంటుందని థియోడర్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1902లోనే అన్నాడు. 1981లో స్వీడన్ పరిశోధకులు కొందరిని మెట్లమీద దించి, తర్వాత వాళ్ళ పిక్కల్లోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపులో చూశారు. వరసగా ఉండాల్సిన సన్నని గీతలు అక్కడక్కడా చెదిరిపోయి కనిపించాయి.

బావిలోంచి చేద తోడినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. పైకి లాగేటప్పుడు ఆయాసం వస్తుంది గానీ, నిండు చేదని మెల్లగా కిందికి వదలాలంటే తాడు అరచేతిని ఒరుసుకుపోతుంది. మెట్టు దిగేటప్పుడు తొడ ముందు కండ పనీ అదే: సాగిపోతూనే బిగపట్టి, ఒంటి బరువుని ఆపాలి. పైగా అప్పుడు పనిచేసే పోగులు తక్కువ, ఒక్కోదాని మీద పడే భారం ఎక్కువ. అందుకే ఊపిరి తేలిగ్గానే ఆడుతుంది, దెబ్బ మాత్రం గట్టిగా తగులుతుంది.

ఇప్పుడు మేనల్లుడి ఐసు. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, నొప్పి కబురు మోసే నరాలు నెమ్మదిస్తాయి. 2012లో, వైద్య ప్రయోగాల ఫలితాల్ని పోగుచేసి సరిచూసే కాక్రేన్ సంస్థ 17 చిన్న ప్రయోగాలని కలిపి చూసి, ఊరికే విశ్రాంతి తీసుకోవడం కన్నా చన్నీళ్ళలో మునిగితే నొప్పి కొంత తగ్గుతోందని తేల్చింది. అయితే నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో మునిగినవాడికి తెలియకుండా దాచలేం కదా; ఆ మేలు చలిదో, నమ్మకానిదో ఎలా తెలుస్తుంది? ఆస్ట్రేలియావాళ్ళు 2014లో భలే ఉపాయం చేశారు. గోరువెచ్చటి నీళ్ళలో మామూలు సబ్బు ద్రవం కలిపి, "ఇది కండలకి మంచి నూనె" అని చెప్పారు. కాళ్ళ బలం ఐసు నీళ్ళవాళ్ళకి ఎంత తిరిగొచ్చిందో వీళ్ళకీ దాదాపు అంతే వచ్చింది! జిమ్మువాళ్ళకి చేదు కబురు ఇంకోటుంది: బరువులెత్తిన ప్రతిసారీ 10 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు కూర్చున్నవాళ్ళకి 12 వారాల తర్వాత కండ పెరగడం తగ్గిందని 2015లో తేలింది.

అసలు తిరుపతిలో ఆ చన్నీళ్ళు ఎక్కడివి? ప్రయోగాల్లో వాడేవి 10 నుంచి 15 డిగ్రీలు. మన కొళాయి నీళ్ళు 28 డిగ్రీలనుకుంటే, 100 లీటర్లని 15కి దించడానికి సుమారు 14 కిలోల ఐసు కావాలి. మే నెలలో మిద్దెమీది ట్యాంకు నీళ్ళయితే ఆ లెక్క ఎంతవుతుందో మా వాడే వేసుకోవాలి.

అమ్మ వేన్నీళ్ళది ఇంకో దారి. రక్తనాళాలు విచ్చుకుంటాయి, బిగుసుకున్న కండ సడలుతుంది, కాసేపు హాయి. తెగిన పోగుల్ని అతికించడం ఐసుకీ చేతకాదు, దీనికీ చేతకాదు. అది ఒళ్ళే చూసుకుంటుంది. కాలు మెలికపడి వాచినప్పుడు వెంటనే కాపడం పెట్టకూడదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు కాలుతున్నా గమనించరు, నీళ్ళ వేడి ఇంకొకరి చేత చూపించుకోవాలి. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ఐసు డ్రమ్ము జోలికి పోవద్దు. ఒక్కసారిగా చలి తగిలితే ఊపిరి బిగుస్తుంది, బీపీ ఎగదన్నుతుంది.

నేను వావిలాకు నీళ్ళే పోసుకున్నాను. ఆ వాసనకే సగం ప్రాణం లేచొచ్చింది. మూడు వారాలాగి మళ్ళీ నడిచే దిగితే, ఈసారి గోడ అవసరం పడలేదు. ఒకసారి ఆ దెబ్బ తిన్న కండ కొన్ని వారాలపాటు అదే పనికి తట్టుకుంటుంది. ఈ మాటే అమ్మకి చెప్పాను.

"వావిలాకు ఊరికే పోతాదా!" అంది.