చమత్కారంగా కల్పించిన కథలు

1898 జనవరిలో న్యూయార్క్‌లోని ఈడెన్ మ్యూజీ అనే ప్రదర్శనశాలలో ఓ సినిమా వేశారు. నిడివి ఇరవై నిమిషాల లోపే. పేరులో ఒబెరామెర్‌గావ్ అని ఉంది. అది జర్మనీలోని బవేరియాలో ఒక పల్లె. యేసు శ్రమల నాటకాన్ని ఆ ఊరి జనమే 1634 నుంచీ ఆడుతూ వస్తున్నారు, సాధారణంగా పదేళ్లకోసారి. ఆ నాటకాన్నే కెమెరాతో పట్టి తెచ్చారని చూసినవాళ్లు అనుకున్నారు. అసలు తీసింది న్యూయార్క్‌లోనే, గ్రాండ్ సెంట్రల్ ప్యాలెస్ అనే భవనం మేడ మీద, చలికాలంలో, నటులను పెట్టి. వేళ్ల మీద లెక్కేసుకున్నా దొరికిపోయే మోసం ఇది. ఆ పల్లెలో నాటకం 1890లో ఆడారు, మళ్లీ ఆడింది 1900లో. పత్రికలు గుట్టు బయటపెట్టాయి. అయినా జనం రావడం ఆగలేదు. ఒక సువార్తికుడు ప్రింటు కొనుక్కుని సభల్లో చూపించాడు కూడా.

అంటే క్రైస్తవ సినిమా దాదాపు ఒక చిన్న అబద్ధంతోనే మొదలైంది. కానీ భక్తి కథల్లో కల్పన ఎంతవరకు చెల్లుతుందన్న ఈ తగాదా సినిమాకంటే చాలా పాతది.

200వ సంవత్సరం ప్రాంతంలో టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత బాప్తిస్మం గురించి రాస్తూ ఒక సంగతి చెప్పాడు. నేటి టర్కీలో ఉన్న, అప్పట్లో ఆసియా అని పిలిచిన ప్రాంతంలో ఒక సంఘ పెద్ద అపొస్తలుడైన పౌలు పేరు మీద కథలు రాశాడు. తెక్ల అనే యువతి కిటికీ దగ్గర కూర్చుని పౌలు బోధ వినడం, పెళ్లి వద్దనడం, ఆమెను కాల్చబోతే వాన వచ్చి మంట ఆరిపోవడం, ఇవన్నీ అందులోవే. నిలదీస్తే ఆయన ఒప్పుకున్నాడు. పౌలు మీద ప్రేమతో రాశానన్నాడు. పదవి పోయింది. కథ మాత్రం పోలేదు. 384 ప్రాంతంలో ఎగేరియా అనే యాత్రికురాలు సెలూకియ అనే పట్టణం దగ్గర తెక్ల మందిరానికి వెళ్తే, అక్కడ ఆ కథ మొత్తం చదివారట. ఆ పెద్దకు దురుద్దేశం ఉందని టెర్టూలియన్ కూడా అనలేదు. ఈ చరిత్ర పొడుగునా కనిపించే చిక్కు ఇదే: కల్పించినవాళ్లలో చాలామంది భక్తితోనే కల్పించారు.

మరి కల్పనే తప్పా? యేసే కథలు చెప్పాడు కదా. తప్పిపోయిన కుమారుడిది ఏ ఊరు, వాళ్ల నాన్న పేరేమిటి అని ఎవరూ అడగలేదు. అది ఉపమానమని విన్నవాళ్లకు తెలుసు. ఒక అర్థాన్ని చూపడానికి అల్లిన కథ అబద్ధం కాదని ప్రాచీన సంఘపు వేదాంతి, బిషప్పు అగస్టీన్ కూడా ఒప్పుకున్నాడు. అదే అగస్టీన్, దొంగ బోధకులను పట్టుకోవడానికి వాళ్లలో ఒకడిగా నటిస్తూ అబద్ధమాడవచ్చా అని అడిగితే, 420 ప్రాంతంలో ఒక గ్రంథమే రాసి కుదరదన్నాడు. పేతురు రెండో పత్రికలో అయితే మేము 'చమత్కారముగా కల్పించిన కథలను' అనుసరించలేదు, కన్నులారా చూశాం అన్న మాట ఉంది. చూశామని చెప్పేచోట కల్పన ఎందుకు కుదరదో మన భాషలో ఇంకా బాగా తెలుస్తుంది. సంఘంలో చెప్పేదీ సాక్ష్యమే, కోర్టులో చెప్పేదీ సాక్ష్యమే.

మధ్యయుగంలో పరిశుద్ధుల కథలకు అంతే లేదు. 1643 నుంచి బొలాండిస్టులనే జెస్యూట్ పండితులు కూర్చుని వాటిలో గింజను, పొట్టును వేరు చేయడం మొదలుపెట్టారు. అదో పెద్ద కథ, ఇక్కడ వద్దు.

సినిమాకు బాగా పనికొచ్చింది యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ. ఆమె వేశ్య అని బైబిల్లో ఎక్కడా లేదు. 591లో పోప్ గ్రెగరీ ఒక ప్రసంగంలో ఆమెను, లూకా 7లోని పాపాత్మురాలైన స్త్రీని, బేతనియ మరియను కలిపి ఒకే మనిషిని చేశాడు. తూర్పు సంఘాలు ఈ లెక్క ఒప్పుకోలేదు. రోమ్ తన పండుగల పట్టికలో దీన్ని సరిదిద్దింది 1969లో. ఈలోగా 1927లో సెసిల్ బి. డెమిల్ తీసిన 'ది కింగ్ ఆఫ్ కింగ్స్' వచ్చింది. అందులో మరియ వైభవంగా బతికే వేశ్య. ఆమె ప్రియుడు, యేసును అప్పగించిన యూదా. అతన్ని వెతుక్కుంటూ జీబ్రాలు లాగే రథం ఎక్కుతుంది! తెర మీద పడే మాటల్లో చాలావాటికి బైబిల్ అధ్యాయం, వచనం నంబర్లు కూడా వేశారు. నాకు జీబ్రాలతో పేచీ లేదు, వాటిని చరిత్ర అనుకునేవాళ్లు ఉండరు. వేశ్య అన్న ముక్క అలా కాదు. అది కల్పనలా కనిపించదు, పక్కనే వచనాల నంబర్లు కూడా ఉన్నాయాయె.

2004లో వచ్చిన 'ది పాషన్ ఆఫ్ ది క్రైస్ట్' సినిమాలోనూ ఇదే జరిగింది. పాత్రలు అరామిక్, లాటిన్ మాట్లాడతాయి కాబట్టి ఉన్నది ఉన్నట్టు తీశారనిపిస్తుంది. యేసును కొరడాలతో కొట్టే ఘట్టంలో పిలాతు భార్య వచ్చి యేసు తల్లి మరియమ్మకు తెల్లబట్టలు ఇస్తుంది, రక్తం తుడవడానికి. సువార్తల్లో పిలాతు భార్య గురించి ఉన్నది ఒక్క వచనం, అదీ ఆమె కల సంగతి. ఆ బట్టలు అన్నా కాథరీనా ఎమ్మెరిక్ అనే జర్మన్ సన్యాసిని దర్శనాల నుంచి వచ్చాయి. వాటిని రాసిపెట్టింది బ్రెంటానో అనే కవి, అచ్చయింది 1833లో. అందులో ఆమె చూసింది ఎంత, కవి చేర్చింది ఎంత అన్నది తేలనే లేదు. ఆమెను ధన్యురాలిగా ప్రకటించిందీ 2004లోనే. ఆ నిర్ణయానికి వాటికన్ ఈ పుస్తకాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

సొంత సాక్ష్యాల దగ్గర గాయం ఇంకా లోతు. 1972లో మైక్ వార్న్‌కీ అనే అమెరికన్, తాను ఒకప్పుడు సాతాను పూజారినని పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత 'కార్నర్‌స్టోన్' పత్రిక పాత స్నేహితులను కలిసి, ఆనాటి ఫొటోలు సంపాదించి ఆ కథను తిరగేసింది. పొడుగు జుట్టు పూజారి ఉండాల్సిన చోట ఫొటోల్లో మామూలు కాలేజీ కుర్రాడు ఉన్నాడు. 'కార్నర్‌స్టోన్' క్రైస్తవ పత్రికే. 2010లో ఒక బాలుడు పరలోకం చూసి వచ్చాడంటూ వచ్చిన పుస్తకాన్నీ ప్రచురణకర్తలు 2015లో వెనక్కి తీసుకున్నారు. తాను చనిపోలేదని, పరలోకానికి వెళ్లలేదని ఆ అబ్బాయే బహిరంగంగా చెప్పాడు.

యేసు జీవితం మీద 'ది చోజెన్' సిరీస్ తీసినవాళ్లు 2019లో మొదటి ఎపిసోడ్‌కు ముందే ఒక ప్రకటన వేశారు. కొన్ని స్థలాలు, సమయాలు కుదించామని, పాత్రలకు వెనుకకథలు కల్పించామని, సువార్తలు చదవమని. నాకు ఇది నచ్చింది. ఆ వెంటనే వచ్చే కథలో మగ్దలేనే మరియ లిలిత్ అనే మారుపేరుతో కపెర్నహూములోని చెడ్డపేరున్న వాడలో బతుకుతుంటుంది. నీకొదేము అనే యూదుల బోధకుడు వచ్చి ఆమెలోని దయ్యాలను వెళ్లగొట్టబోయి ఓడిపోతాడు. ఆమె గతం గురించి లూకా రాసింది అర వచనం.