నేల రైతుది, వెండి రాజుది: బీర్ ఫెరర్స్ గనుల నేపథ్యం

ఇంగ్లండ్‌లో ఒకరి పొలం అడుగున వెండి బయటపడితే అది ఆ పొలం యజమానికి చెందదు; కొద్దిపాటి మినహాయింపులతో, భూగర్భంలోని బంగారం, వెండి నేటికీ రాచరికానివే. ఈ హక్కు ఆచరణలో ఎలా ఉండేదో తెలుసుకోవడానికి డెవన్ పశ్చిమపు అంచున, టేమర్, టేవీ నదుల నడుమ ఉన్న బీర్ ఫెరర్స్ అనే పల్లె చరిత్రను మించిన ఉదాహరణ దొరకదు.

అక్కడ 1292లో మొదటి ఎడ్వర్డ్ రాజు తన అధికారుల చేతనే గనులు తవ్వించడం మొదలుపెట్టాడు. అప్పటి ఇంగ్లండ్‌కు వెండి పెన్నీయే ప్రధాన నాణెం, అందులో 92.5 శాతం వెండి ఉండాలి. పైగా వేల్స్, గాస్కనీ, స్కాట్లండ్‌లలో వరసగా సాగిన యుద్ధాలు ఖజానాను పీల్చివేస్తున్నాయి. అయితే బీర్ ఫెరర్స్ వెండి విడిగా దొరికేది కాదు, సీసపు ఖనిజంలో కొద్ది పాళ్లలో కలిసి ఉండేది. ముందు ఖనిజాన్ని కరిగించి సీసం తీయాలి, ఆ సీసాన్ని బూడిద పరచిన పొయ్యిలో గాలి ఊదుతూ మళ్లీ కాచాలి. సీసం భస్మమై తొలగిపోతే అడుగున వెండి ముద్ద మిగులుతుంది. మన కంసాలులు పుటం పెట్టే పద్ధతికి ఇది దూరపు చుట్టమే.

ఇంత పనికి స్థానికులు చాలలేదు. డార్బీషైర్ నుంచి, వేల్స్ నుంచి అనుభవజ్ఞులైన గని కార్మికులను రాజాజ్ఞతో రప్పించారు. వారిలో ఎందరికో అది ఇష్టపడి చేసిన ప్రయాణం కాదు. కొలిమిలకు కట్టెలు కావలసి రావడంతో కరిగించే పని టేమర్‌కు ఆవలి ఒడ్డున, కార్న్‌వాల్‌లోని కాల్‌స్టాక్ అడవుల వైపుకూ సాగింది. (ఆ కొలిమిల ఆనవాళ్ల కోసం ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెతకబోతే, 2007లో అక్కడ ఒక రోమన్ కోట బయటపడింది.) 1299లో ఫ్లోరెన్స్‌కు చెందిన ఫ్రెస్కోబాల్డీ వడ్డీవ్యాపారులు గనులను కౌలుకు తీసుకుని, ఏడాది తిరిగేసరికి నష్టంతో వదులుకున్నారు. లాభనష్టాలు లెక్కగట్టడంలో ఆరితేరినవారే నిలవలేకపోయారంటే, ఈ వెండి ఎంత ఖర్చుతో చేతికందేదో ఊహించవచ్చు.

తవ్వకం లోతుకు పోయేకొద్దీ నీరే అసలు శత్రువైంది. కొండవాలు నుంచి సొరంగాలు తొలిచి ఊటనీటిని బయటికి మళ్లించారు. 15వ శతాబ్దపు చివరి దశకాలకు దూరం నుంచి కాలువ తవ్వి తెచ్చిన నీటితో చక్రం తిప్పి, దానితో గనిలోని నీటిని తోడించేవారు.

హక్కు విషయం న్యాయస్థానంలో తేలింది మాత్రం 1568లో, అదీ ఉత్తరాన కెజిక్ ప్రాంతపు రాగి గనుల మీద మొదటి ఎలిజబెత్ రాణికీ, నార్తంబర్లండ్ ప్రభువుకూ నడిచిన వ్యాజ్యంలో. బంగారం, వెండి గనులు ఎవరి నేలలో ఉన్నా రాచరికానివేనన్నది తీర్పు; న్యాయమూర్తుల్లో అధికసంఖ్యాకులు వెండి కలిసిన రాగి, సీసం గనులను కూడా అందులో చేర్చారు. దాంతో తమ గనిలో వెండి జాడ కనిపిస్తే ఎక్కడ పోగొట్టుకోవలసి వస్తుందోనని భూస్వాములు జంకారు. ఆ భయాన్ని తొలగించడానికే 1688, 1693లలో చట్టాలు తెచ్చి, సీసం వంటి లోహాల గనులను, వెండి కలిసి ఉన్నా సరే, యజమానులకే వదిలారు.

19వ శతాబ్దంలో బీర్ ఫెరర్స్‌కు ప్రైవేటు కంపెనీలు రాగలిగింది ఆ వెసులుబాటుతోనే. అవి ఆవిరి యంత్రాలతో, మధ్యయుగపు కూలీలు అందుకోలేని లోతులకు, చివరికి టేమర్ నది అడుగుకే చొచ్చుకుపోయాయి. 1856లో నది గని కప్పును చీల్చుకుని లోపలికి దూకింది. ఆ సమయంలో లోపల ఎవరూ లేకపోవడంతో ప్రాణాలు దక్కాయి, గని మాత్రం దక్కలేదు.