డూమ్ క్యాసెట్‌లో చిప్పు గొడవ: 1995లో అసలు ఏం జరిగింది

డూమ్ అంటే రాక్షసుల్ని కాల్చుకుంటూ పోయే తుపాకీ ఆట. నింటెండో వాళ్ళ పాత గేమ్ కన్సోల్ సూపర్ నింటెండో మీదకి వచ్చిన దాని వెర్షన్ మీద మళ్ళీ వాదన రాజుకుంది. పాత ఆటల్ని మళ్ళీ అచ్చేసే లిమిటెడ్ రన్ గేమ్స్ వాళ్ళు 2024లో ప్రకటించిన కొత్త ఎడిషన్ క్యాసెట్‌లో (కార్ట్రిడ్జ్ అనాలి నిజానికి, కానీ మనం చిన్నప్పట్నుంచీ క్యాసెట్ అనే పిలిచాం, నేనూ అలాగే అంటా) రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ ఆర్‌పీ2350 చిప్పు పెట్టారని తెలిసిన దగ్గర్నుంచి ఒక వర్గం ఊరుకోవట్లేదు. పని మొత్తం కొత్త చిప్పే చేసేస్తోంది, పాత కన్సోల్ బొమ్మ చూపించే డబ్బాగా మిగిలింది, దీన్ని పోర్ట్ (ఒక మెషీన్ ఆటని ఇంకో మెషీన్ మీద నడిచేలా మార్చి రాయడం) అని ఎలా అంటారు అని వాళ్ళ పాయింటు. ఆ చిప్పు 150 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, కన్సోల్ ప్రాసెసర్ ఎంత గట్టిగా పరిగెత్తినా 3.58 మెగాహెర్ట్జ్. అంకెలు చూస్తే వాళ్ళ మాట సబబుగానే అనిపిస్తుంది.

డూమ్ అంటే ఏంటి, 1993 డిసెంబర్లో ఐడీ సాఫ్ట్‌వేర్ దాన్ని పీసీల మీదకి ఎలా వదిలింది, ఆఫీసుల్లో నెట్‌వర్కులు ఎలా కుదేలయ్యాయి, ఇదంతా వందసార్లు చదివే ఉంటారు, వదిలేద్దాం. ఈ గొడవకి జవాబు నాకు తెలిసి ఆ కథలో లేదు, రాండల్ లిండెన్ అనే ప్రోగ్రామర్ బల్ల మీద ఉంది.

లిండెన్ అప్పుడు అమెరికాలో స్కల్ప్చర్డ్ సాఫ్ట్‌వేర్ అనే ఆటల కంపెనీలో పనిచేసేవాడు. డూమ్ అంటే పిచ్చి. దాన్ని సూపర్ నింటెండోలో ఆడించాలని ఎవరూ అడగకుండానే సొంతంగా మొదలుపెట్టాడు. చేతిలో డూమ్ సోర్స్ కోడ్ లేదు (ఐడీ వాళ్ళు దాన్ని బయటపెట్టిందే 1997 డిసెంబర్లో), అభిమానులు ఆట ఫైళ్ళని తవ్వి రాసిపెట్టిన ఒక అనధికార పత్రం మాత్రం ఉంది, అందులో మ్యాపులు ఎలా దాస్తారు, బొమ్మలు ఎలా దాస్తారు అన్న వివరాలు ఉన్నాయి, అంతే. ఇంజన్ (ఆటని నడిపించే అసలు ప్రోగ్రాం) మొత్తం తనే మొదటి లైన్ నుంచి రాసుకున్నాడు, దానికి రియాలిటీ అని పేరు పెట్టుకున్నాడు.

సూపర్ ఎఫ్ఎక్స్ అనేది కన్సోల్‌కి సాయంగా క్యాసెట్‌లోనే పెట్టే చిప్పు, దానికి డెవలప్‌మెంట్ కిట్టు దొరకలేదు. అందుకని అమిగా కంప్యూటర్ మీద ప్రోగ్రాం తయారీకి కావాల్సిన అసెంబ్లరు, లింకరు, డీబగ్గరు కూడా తనే రాశాడు. ఇక హార్డ్‌వేర్ సంగతి చూడండి, స్టార్ ఫాక్స్ అనే ఆట క్యాసెట్ ఒకటి తీసుకుని దాన్ని విప్పి మార్చాడు, ఎందుకంటే ఆ చిప్పు దాంట్లో ఉంది కాబట్టి. తర్వాత రెండు గేమ్ కంట్రోలర్లని మార్చి వాటిని కన్సోల్ రెండు జాయ్‌స్టిక్ పోర్టుల్లో గుచ్చి, అటు చివర అమిగా ప్రింటర్ పోర్టుకి కలిపాడు. మనం బటన్లు నొక్కడానికి వాడే దారిలోంచే కోడ్ అటూ ఇటూ వెళ్ళేదన్నమాట. డెమో కాస్త నడిచాక కంపెనీలో వాళ్ళకి చూపించాడు, అప్పుడు మిగతా టీమ్ చెయ్యి వేసింది, 1995 సెప్టెంబర్లో ఎర్ర రంగు క్యాసెట్‌లో ఆట బయటికొచ్చింది. నాకు ఇక్కడే మొత్తం కథ మలుపు తిరిగినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ బల్ల మీద స్టార్ ఫాక్స్ క్యాసెట్‌లోని చిప్పు లేకపోతే సూపర్ నింటెండో డూమ్ అనే మాటే లేదు.

ఆ చిప్పు ఎందుకంత అవసరమో చెప్పాలి. పీసీలో వీజీఏ (అప్పటి పీసీల గ్రాఫిక్స్ పద్ధతి) మీద ఒక పిక్సెల్‌కి, అంటే తెర మీద చుక్కకి, ఒక బైట్, ఎక్కడ చుక్క కావాలంటే అక్కడ ఆ బైట్ రాసేయడమే. సూపర్ నింటెండో అలా కాదు, బొమ్మని 8×8 గళ్ళుగా కోసి, ఒక్కో పిక్సెల్ రంగుని బిట్లుగా విడగొట్టి వేరే వేరే చోట్ల పెట్టుకుంటుంది. మారియో లాంటి ఆటలకి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది, కానీ డూమ్ గోడల్ని నిలువు గీతలుగా గీసుకుంటూ పోతుంది, ప్రతి చుక్కకీ ఆ బిట్లన్నీ సర్దుకుంటూ కూర్చుంటే ఫ్రేము ఎప్పటికి తయారవ్వాలి. సూపర్ ఎఫ్ఎక్స్‌లో దీనికోసమే ప్లాట్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది, చుక్క ఎక్కడో చెప్తే సర్దుడు పని అది చూసుకుంటుంది. డూమ్‌లో వాడిన రెండో రకం చిప్పు 21 మెగాహెర్ట్జ్ మీద నడిచేది. అంటే 1995లోనే క్యాసెట్‌లో ఉన్న చిప్పు గడియారం కన్సోల్ కన్నా ఆరు రెట్లు వేగం! అప్పుడు దాన్ని ఎవరూ మోసం అనలేదు. ఆ మాటకొస్తే స్లాట్‌కి రెండు చివర్లా అదనపు పిన్నులు పెట్టింది నింటెండోనే, ఇలాంటి చిప్పుల కోసమే. పైలట్‌వింగ్స్, సూపర్ మారియో కార్ట్ క్యాసెట్లలో కూడా డీఎస్‌పీ అనే లెక్కల చిప్పులు ఉన్నాయి.

చిప్పు వద్దనే వాళ్ళకి ఒక గట్టి ఉదాహరణ ఉంది, అది కూడా చెప్పాలి. డూమ్ కంటే ముందు ఐడీ వాళ్ళదే వూల్ఫెన్‌స్టైన్ 3డీ అనే ఆట ఇదే కన్సోల్ మీదకి 1994లో వచ్చింది, ఏ అదనపు చిప్పూ లేకుండా. బయటివాళ్ళకి ఇచ్చిన ఆ పోర్ట్ పని ముందుకి కదలకపోతే 1993లో డూమ్ పని పక్కన పెట్టి ఐడీ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ తనే కూర్చున్నాడు, పీసీలో వాడిన రే కాస్టింగ్ (చూపు గీతలు వదిలి గోడ ఎక్కడ తగిలిందో లెక్కగట్టే) పద్ధతి ఈ ప్రాసెసర్ మీద నత్తనడక నడుస్తుంటే బీఎస్‌పీ ట్రీలు (మ్యాపుని ముందే ముక్కలుగా కోసి వరసలో పెట్టుకోవడం) అనే పద్ధతికి మారాడు. ఆ తర్వాత అదే పద్ధతి పీసీ డూమ్‌లోకి వెళ్ళింది, డూమ్ అంత వేగంగా నడవడానికి అదొక పెద్ద కారణం. కన్సోల్ పోర్ట్ కోసం పడ్డ తిప్పలే కంప్యూటర్ ఆటకి పెట్టుబడి అయ్యాయి. కానీ వూల్ఫెన్‌స్టైన్‌లో గోడలన్నీ ఒకే ఎత్తు, మూలలన్నీ తొంభై డిగ్రీలు. డూమ్‌లో మెట్లున్నాయి, వంకర గోడలున్నాయి, లిఫ్టులున్నాయి, వూల్ఫెన్‌స్టైన్‌ని చూపించి డూమ్‌నీ అలాగే చెయ్యాలి అంటే కుదరదు.

పవర్ ఎక్కువుంటే పోర్ట్ ఊరికే వచ్చేస్తుంది అనుకోవడం కూడా తప్పే. 3డీఓ అనే ఇంకో గేమ్ కన్సోల్ సూపర్ నింటెండో కన్నా చాలా బలమైనది, అయినా 1996లో దాని డూమ్ నత్తలా నడిచింది, ఎందుకంటే ప్రోగ్రామర్ రెబెక్కా హైన్‌మన్ చేతికి అది వచ్చేసరికి పని జరిగిందే ఏమీ లేదు, మిగిలింది పది వారాలు, ఒక్క మనిషి.

1995 క్యాసెట్‌లో లోపాలు ఉన్నాయి, దాచాల్సిన పనిలేదు. నేలకీ పైకప్పుకీ బొమ్మ లేదు, ఉత్త రంగు. రాక్షసులు ఎప్పుడూ మన వైపే తిరిగి ఉంటారు, వీపు చూపించరు. సేవ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. అసలు ఆటలోని కొన్ని లెవెల్స్ లేనేలేవు. 2 మెగాబైట్ల రోమ్ (క్యాసెట్‌లో ఆట మొత్తం ఉండే చోటు) నిండిపోయి చివరికి ఓ 16 బైట్లు మిగిలాయని లిండెన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఇంత ఇరుకులోనూ మౌస్‌కి, సూపర్ స్కోప్ గన్‌కి, ఫోన్ లైన్ మీద ఇంకొకళ్ళతో ఆడటానికి ఎక్స్‌బ్యాండ్ మోడెమ్‌కి సపోర్ట్ పెట్టాడు. ఇదంతా చదివాక ఆయన్ని షార్ట్‌కట్ మనిషి అనడానికి నాకు మనసు రాదు.

ఇప్పటి విషయానికొస్తే, అభ్యంతరం చెప్పేవాళ్ళు రెండు వేరే పనుల్ని ఒకే గాటన కడుతున్నారు. కొన్నేళ్ళ కిందట ఒక హాబీయిస్టు పాత 8 బిట్ నింటెండో క్యాసెట్‌లో రాస్ప్‌బెర్రీ పై బోర్డునే ఇరికించాడు, అందులో డూమ్ మొత్తం ఆ బోర్డు మీదే నడుస్తుంది, కన్సోల్ తెర చూపిస్తుంది అంతే. దాన్ని పోర్ట్ అనకండి అంటే నేనూ ఒప్పుకుంటా. కొత్త సూపర్ నింటెండో క్యాసెట్‌లో ఆర్‌పీ2350 కూర్చున్నది పాత సూపర్ ఎఫ్ఎక్స్ కుర్చీలో, అదే పని ఇంకా వేగంగా చెయ్యడానికి. దాని మీద నడిచేది లిండెన్ తన చేత్తో రాసుకున్న ఇంజనే, ఆ కోడ్ 2020 జూలైలో జీపీఎల్ అనే, ఎవరైనా చూసి వాడుకోగలిగే లైసెన్స్ కింద ఆయనే బయటపెట్టాడు, అనుమానం ఉన్నవాళ్ళు తెరిచి చూసుకోవచ్చు. మళ్ళీ పనిచేసింది కూడా ఆయనే. 1995లో వదిలేసిన లెవెల్స్ వచ్చాయి, నాలుగో ఎపిసోడ్ వచ్చింది, శత్రువు చుట్టూ తిరుగుతూ కాల్చే సర్కిల్ స్ట్రాఫ్ వచ్చింది, ఆ 16 బైట్లలో ఇవేవీ పట్టేవి కావు.