మధురై మల్లె మీద మనవాళ్ళకున్న అపోహలు - వాస్తవాలు

నర్సరీకి వచ్చేవాళ్ళలో సగం మంది మొదట అడిగేది "మధురై మల్లె ఉందా అండీ" అనే. అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పేదే ఇక్కడా రాస్తున్నా.

అపోహ: మధురై మల్లె మొక్క తెచ్చుకుంటే మన పెరట్లోనూ అదే పువ్వు పూస్తుంది.

వాస్తవం: మధురై రైతులు నాటేది కూడా ఎక్కువగా రామేశ్వరం దగ్గర తంగచ్చిమడంలో కొమ్మలు వేరు పట్టించి పెంచిన గుండుమల్లి మొక్కలే, అవి మధురై చుట్టుపక్కల నేలల్లో ఆ ఎండకి పెరిగితేనే ఆ మందమైన రెక్కలు, ఆ ఘాటు, తొందరగా వాడిపోని గుణం వస్తాయి. 2013లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఇచ్చింది కూడా ఆ ప్రాంతంలో పండిన పువ్వుకే. మన దగ్గర కూడా గుండుమల్లె బ్రహ్మాండంగా పూస్తుంది, హాయిగా పెంచుకోండి, కానీ మధురై పేరు చెప్పి మొక్కకి డబుల్ రేటు అడిగితే మాత్రం ఇవ్వకండి.

అపోహ: పచ్చగా ఉన్న మల్లె చెట్టుని కత్తిరిస్తే పాపం, పూత పోతుంది.

వాస్తవం: ఈ ఒక్క భయం వల్లే ఎన్నో ఇళ్ళల్లో మల్లె గుబురుగా పెరిగి ఆకు తప్ప మొగ్గ కనపడదు. మల్లె పూసేది కొత్త చిగురు మీదే. నవంబర్ చివర్లో నీళ్ళు తగ్గించి, నేలకి అడుగున్నర ఎత్తులో కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, పశువుల ఎరువు వేసి మళ్ళీ నీళ్ళు మొదలుపెట్టండి, మార్చికల్లా మొగ్గలు చూస్తారు. ఎండ మాత్రం బాగా తగలాలి, నీడ బాల్కనీలో పెట్టి పూయట్లేదంటే మొక్క తప్పు కాదు.

అపోహ: మల్లె వాసనకి పాములొస్తాయి.

వాస్తవం: పాముకి పువ్వులతో పనిలేదు, దానికి కావాల్సింది కప్పలు, ఎలుకలు. పొద కింద చెత్త లేకుండా ఉంచితే చాలు.

అపోహ: పొద్దున్నే కోసిన మొగ్గలకి సాయంత్రానికి వాసన పోతుంది.

వాస్తవం: రివర్స్. మల్లె విచ్చేదే సాయంత్రం, వాసన వచ్చేదీ అప్పుడే. అందుకే తెల్లారకముందే బిగువుగా ఉన్న తెల్ల మొగ్గలు కోసి మధురైలోని మాట్టుతావణి పూల మార్కెట్‌కి చేరుస్తారు. మన పూలజడలకి కూడా విచ్చని మొగ్గలే కుడతాం కదా.

అపోహ: చలికాలంలో రేటు కావాలనే పెంచుతారు.

వాస్తవం: చలికి, మంచుకి దిగుబడి బాగా పడిపోతుంది, సరిగ్గా అప్పుడే పొంగల్, తమిళుల తై నెల (జనవరి-ఫిబ్రవరి) పెళ్ళి ముహూర్తాలు, దాంతో కిలో వేలల్లోకి వెళ్తుంది. మీనాక్షి అమ్మవారి కల్యాణం జరిగే చిత్తిరై పండగ ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది, అది మల్లె సీజన్ కాబట్టి మార్కెట్ నిండా పువ్వే, ముహూర్తాలు లేని రోజున రేటు పడిపోతే సెంటు ఫ్యాక్టరీలకి వెళ్తుంది. రేటు పడినా కోత కూలీ తగ్గదు, రేపు కోద్దాంలే అని చెట్టు మీద వదిలేద్దామన్నా కుదరదు, విచ్చిన పువ్వుని మర్నాడు ఎవరూ కొనరు.