కరెంటుకీ మంచి గంట, చెడ్డ గంట

"సాయంత్రం పీక్ టైమ్‌లో కాకుండా అర్ధరాత్రి వాషింగ్ మెషిన్ వేసుకుంటే పర్యావరణానికి మేలేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. అందరూ ఒకేసారి కరెంటు వాడే పీక్ తగ్గుతుంది కాబట్టి గ్రిడ్‌కి, అంటే కరెంటు సరఫరా వ్యవస్థకి మేలే, అందులో సందేహం లేదు. పర్యావరణం సంగతి అంత తేలిక కాదు.

గ్రిడ్‌లో విద్యుత్ కేంద్రాలకి ఒక వరస ఉంటుంది. ఇంధనం కొననక్కర్లేని సౌర, పవన విద్యుత్తు ముందు, ఆ తర్వాత చవకైనవి, ఖరీదైనవి చివర. దీన్ని మెరిట్ ఆర్డర్ అంటారు. మీరు స్విచ్ వేయగానే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకి ఎన్ని ఆవర్తనాలు చేస్తుందో ఆ లెక్క) ఏ మీటరుకీ అందనంత కొంచెం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఎక్కడో ఒక కేంద్రం ఇంకాస్త ఇంధనం మండిస్తుంది. అదే మార్జినల్ ప్లాంట్. మిగతావన్నీ మీరున్నా లేకపోయినా అలాగే నడుస్తాయి కాబట్టి, మీ యూనిట్ తాలూకు పొగ దీని ఖాతాలోదే. ఏడాది పొగనంతా మొత్తం యూనిట్లతో భాగించి సగటు చెప్పే పాఠాలు సరిగ్గా ఇక్కడే మనల్ని దారి తప్పిస్తాయి.

సాయంత్రం ఏడింటికి ఆ చివరి కేంద్రం గ్యాస్ టర్బైన్ అనుకుందాం. యూనిట్‌కి సుమారు 500 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. అర్ధరాత్రి గ్యాస్ ఆపేశారు, బొగ్గు కేంద్రాన్ని తగ్గించి నడుపుతున్నారు. మీ మెషిన్ కోసం దాన్నే కొంచెం పెంచుతారు: యూనిట్‌కి 900 గ్రాముల పైమాటే. బట్టలు అవే, పొగ మాత్రం దాదాపు రెట్టింపు! రాత్రి కరెంటు శుభ్రమైనదన్నది కూడా ఒక మూఢనమ్మకమే.

అదే పని మిట్టమధ్యాహ్నానికి జరిపితే? సోలార్ మిగిలిపోయి, కొన్ని రోజుల్లో దాన్ని కావాలనే తగ్గించే గ్రిడ్‌లు ఉన్నాయి. అలాంటి గంటలో మీ యూనిట్‌కి అదనపు పొగ దాదాపు సున్నా. మంచి ఘడియలంటే నవ్వే నేను, కరెంటు విషయంలో మాత్రం ఘడియ చూసుకోమంటాను.

పీక్ తగ్గించడంలో ఇంకో లాభం ఉంది. తీగల్లో వేడిగా పోయే విద్యుత్తు, కరెంటు వర్గానికి (కరెంటుని దాంతోనే గుణిస్తే వచ్చేదానికి) అనులోమానుపాతంలో ఉంటుంది. లైనులో కరెంటు 20 శాతం పెరిగితే నష్టం 44 శాతం పెరుగుతుంది. కాబట్టి పీక్‌లో తగ్గించిన ఒక్కో యూనిట్, తీగల్లో పోయే నష్టాన్ని కూడా మామూలు వేళకంటే ఎక్కువగా తగ్గిస్తుంది.

నాకు అసలు చిరాకు తెప్పించేది మాత్రం కాగితం మీద మాయమయ్యే డిమాండ్. పీక్‌లో లోడ్ (వాడకం) తగ్గిస్తే డబ్బిస్తామంటారు గ్రిడ్ వాళ్లు. ఫ్యాక్టరీ వాళ్లు యంత్రాలు ఆపకుండా, గ్రిడ్ నుంచి తప్పుకుని సొంత డీజిల్ జనరేటర్ ఆన్ చేస్తారు. గ్రిడ్ లెక్కలో డిమాండ్ తగ్గినట్టే. కానీ నైట్రోజన్ ఆక్సైడ్లు, సన్నటి మసి ఎత్తైన చిమ్నీలోంచి కాకుండా జనం మధ్యనే, అదీ తరచు గాలి అసలే బాగోలేని మండుటెండల రోజుల్లో వెలువడతాయి. అమెరికాలో ఎమర్జెన్సీ జనరేటర్లని ఇలాంటి పనికి ఏడాదికి 100 గంటల దాకా నడుపుకోవచ్చని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఇచ్చిన వెసులుబాటుని 2015లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది.