పాత రైలు మోటారుకారులో బెల్టు ఎందుకు జారుతుంది?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవ జెట్టీకి చేరగానే ఒకతను తాడును ఇనుప దిమ్మెకు మూడు చుట్లు తిప్పి కొసను చేత్తో పట్టుకుంటాడు. అంత బరువున్న పడవా ఆగుతుంది. రాపిడి గుణకం (తాడు దిమ్మెను ఎంతగా పట్టి ఉంచుతుందో చెప్పే అంకె) 0.3 అనుకుంటే, ఒక చుట్టుకు ఆ చేతి బలం సుమారు 6.6 రెట్లవుతుంది, మూడు చుట్లకు 285 రెట్లు. 18వ శతాబ్దంలో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ కట్టిన లెక్క ఇది. పాత రైలు మోటారుకార్ల బెల్టులు నడిచేదీ ఈ లెక్క మీదే. కాకపోతే బెల్టుకు పుల్లీ మీద దొరికేది సుమారు అర చుట్టు మాత్రమే.

మన వాల్తేరు వైపు పట్టాలు తనిఖీ చేసే ఇంజినీర్లు తోపుడు ట్రాలీ మీద వెళ్లడం చాలామంది చూసే ఉంటారు. అదే పనికి అమెరికాలో చిన్న ఇంజిన్ బళ్లు వాడేవారు, రైలు మోటారుకార్లంటే ఇవే. మిన్నెసొటా రాష్ట్రంలోని ఫెయిర్‌మాంట్ ఊళ్లో తయారైనవి వీటిలో బాగా పేరుపడ్డాయి. చాలా మోడళ్లలో ఒకే సిలిండర్ టూ-స్ట్రోక్ ఇంజిన్, దాన్నుంచి ఇరుసుకు ఒక చదును బెల్టు, అంతే. లివర్ లాగితే బెల్టు బిగిసి బండి కదులుతుంది, వదిలితే ఇంజిన్ ఊరికే తిరుగుతుంది. క్లచ్ పని కూడా బెల్టుదే. వెనక్కి పోవాలంటే ఇంజిన్ ఆపి, ఎదురు దిశలో మళ్లీ స్టార్ట్ చేస్తారు. రోడ్డు మీదా పట్టాల మీదా నడిచే ట్రక్కులొచ్చాక ఇవి పక్కకు తప్పుకున్నాయి. ఇప్పుడివి ఎక్కువగా మోజుపడి దాచుకున్నవాళ్ల దగ్గరే ఉన్నాయి.

బెల్టు జారగానే ఎవరి చెయ్యయినా లివర్ మీదికే పోతుంది: ఇంకాస్త బిగిద్దాం! నా ఉద్దేశంలో బెల్టుకు ఇంతకు మించిన చేటు లేదు. చిన్న పుల్లీ మీద బెల్టు 160 డిగ్రీల మేర ఆనిందనుకుందాం. గుణకం 0.3 ఉంటే, బెల్టు బిగిసి ఉండే వైపు 100 కిలోల లాగుడులో దాదాపు 57 కిలోలు బండిని నడపడానికి పనికొస్తాయి. నూనె పడి గుణకం సగానికి దిగితే 34 కిలోలే మిగులుతాయి. లోటును బిగించి పూడ్చాలంటే బిగువు 166 కిలోలకు పెంచాలి. అప్పుడు బేరింగుల మీద పడే బరువు దాదాపు రెట్టింపవుతుంది. అదే 57 కిలోల కోసం ఇరుసు నలుగుతుంది, బెల్టు సాగుతుంది. పాత గుడ్డతో నూనె తుడిచేస్తే పోయేదానికి ఇంత శిక్ష!

జిగురు పేస్టు పూయడమూ అలాంటిదే. మొదట పట్టు పెరిగినట్టే ఉంటుంది. తర్వాత దుమ్ము అంటుకుని బెల్టు లోపలి ముఖం అద్దంలా మెరుస్తుంది, కీచుమంటుంది. వేలితో రాస్తే నున్నగా, నల్లగా తగులుతుంది. ఆ మెరుపు కనిపిస్తే బెల్టు జారుతోందన్నమాటే. తోలు బెల్టయితే వెంట్రుకలుండే వైపు పుల్లీకి ఆనాలి, ఎక్కువ మేర అతుకుతుంది. రబ్బరు బెల్టుకు నూనె సోకితే ఉబ్బి మెత్తబడుతుంది.

ఇక పుల్లీల మీద బెల్టు వరుస తప్పకుండా నడవడం సంగతి. చదును బెల్టుకు గాడి ఉండదు, మరి పక్కకు జారిపోకుండా పట్టి ఉంచేదేమిటి? పుల్లీ నడుమ ఉన్న కాస్త ఉబ్బు. బెల్టు ఒక పక్కకు తప్పితే ఉబ్బు వైపున్న అంచు ఎక్కువ సాగుతుంది. దాంతో పుల్లీ మీదికి రాబోయే భాగం ఆ వైపే ఒరుగుతుంది, తిరిగే కొద్దీ నడిమికి చేరుతుంది. విశాఖలో చదును బెల్టుతో తిరిగే పాత పిండిమిల్లు ఎక్కడైనా కనిపిస్తే కాసేపు నిలబడి చూడండి, ఇదే జరుగుతుంటుంది. కానీ ఇరుసు వంకరగా ఉంటే ఉబ్బు కూడా ఏమీ చెయ్యలేదు. ఇంజిన్ ఆపి, రెండు పుల్లీల అంచులకూ నూలుదారం లాగి పట్టి చూస్తే వంకర తెలిసిపోతుంది.

మన ఊరి ఉప్పుగాలిలో ఇంకో చిక్కుంది. పోత ఇనుప పుల్లీ రోజుల తరబడి కదలకుండా ఉంటే దాని ముఖం తుప్పు పట్టి గరగరలాడుతుంది, తిప్పగానే బెల్టును గీకేస్తుంది. సన్నటి గరుకు కాగితంతో తుడవాలి, నూనె రాయకూడదు. తేమకు తోలు సాగుతుంది కనుక బండి నిలిపినప్పుడల్లా లివర్ వదిలెయ్యాలి.

అతుకు దగ్గర బెల్టు కొసలు రెండూ మూలమట్టం పెట్టి, బెల్టు అంచుకు సరిగ్గా లంబంగా కోసి ఉండాలి. ఒక కొస ఏటవాలుగా ఉన్నా అతుకు పుల్లీ మీదికి వచ్చిన ప్రతిసారీ బెల్టు ఒక పక్కకు ఊగుతుంది. రెండు కొసలనూ కలిపే ఇనుప కొక్కేల టిక్‌టిక్ శబ్దం సమంగా వినిపించినన్నాళ్లూ అతుకు బాగున్నట్టే. శబ్దం మారితే ఇంజిన్ ఆపి కొక్కేలు ఒక్కొక్కటీ చూడాలి.